అమ్మలూ, ఆయిల్ గురించి

అమ్మలూ,

నువ్వు మాజ్డా ఆర్ఎక్స్-8 కారు కొన్నావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. "నీ పిచ్చి దానికీ అంటించావు" అని నన్నే తిట్టింది. మా ఇంట్లో ఇంకొకరికి రోటరీ ఇంజిన్ మీద, అదే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటరు తిరిగే ఇంజిన్ మీద, మనసు పడిందంటే ఎంత సంతోషం వేసిందో! కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. పొద్దున చూస్తే నీ మెసేజ్: "మామయ్యా, ఇంజిన్ ఆయిల్ సింథటిక్ పోయాలా, మామూలు మినరలా?"

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ఆయిల్ గ్రేడు, అంటే దాని చిక్కదనం, నీ కారుతో వచ్చిన మాన్యువల్ చూసి పొయ్యి; ఇదే ఆర్ఎక్స్-8కి కొన్ని దేశాల్లో 5డబ్ల్యూ-20 చెప్పారు, కొన్నిచోట్ల 5డబ్ల్యూ-30. ఇంజిన్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కకు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, కారు కాస్త జరిపి వెంటనే ఆపెయ్యకు. లోపల పెట్రోలు నిండిపోయి మళ్ళీ స్టార్ట్ కాదు.

ఇక ఆయిల్. మామూలు ఇంజిన్‌లో ఆయిల్ కాలితే అది జబ్బు. నీ ఇంజిన్‌లో కాలడమే దాని పని. మూడు మూలల రోటరుకి ఒక్కో మూలకు ఒక్కో అపెక్స్ సీల్, అంటే సందు మూసే సన్నటి పట్టీ, ఉంటుంది. నీవి రెండు రోటర్లు, ఆరు సీళ్ళు. అవి హౌసింగ్ గోడను, అంటే రోటరు తిరిగే గది గోడను, ఎప్పుడూ రాసుకుంటూ తిరుగుతాయి. వాటికి తడి అందాలని మీటరింగ్ పంపు అనేది, ఇంజిన్ కింద సంప్ అనే తొట్టిలోని ఆయిల్‌నే కొంచెం కొంచెం లోపలికి పంపుతుంది. అది పెట్రోలుతోపాటు కాలిపోతుంది. మాజ్డా వాళ్ళు 2009 మోడల్ నుంచి ఒక్కో రోటరుకి మూడో నాజిల్ పెట్టారు, సీలు మధ్య భాగానికి కూడా ఆయిల్ చేరాలని. నీ 2005 కారుకి రెండే.

అందుకే పాతవాళ్ళు సింథటిక్ అంటే జంకేవాళ్ళు. వేడికి ఓర్చుకునే ఆయిల్ శుభ్రంగా కాలదేమో, మసి మిగిలి సీళ్ళు గాడిలో బిగుసుకుపోతాయేమో అని వాళ్ళ భయం. ఇప్పుడు రోటరీ కోసమే చేసిన సింథటిక్ దొరుకుతోంది. ఇదెమిత్సు వాళ్ళది ఒకటుంది, అలాంటిదైతే నాకు అభ్యంతరం లేదు. అది దొరక్కపోతే మంచి మినరల్ పోసి, ఐదు వేల కిలోమీటర్లకోసారి మార్చుకో. సింథటిక్ పోశాను కదా అని గడువు మాత్రం పెంచకు. అందులో పెట్రోలు కలుస్తూనే ఉంటుంది.

నేను ఇంత మామూలుగా ఆలోచించలేదమ్మా. నువ్వు పుట్టకముందు నా దగ్గర పాత ఆర్ఎక్స్-7 ఉండేది, అదీ రోటరీ కారే. ఖరీదైన సింథటిక్ పోయాలని పట్టుబట్టాను. అది లోపల కాలకూడదన్న భయం ఇంకోపక్క. రెండూ కుదరాలని ఒక తెలివైన పని చేశాననుకున్నాను. మీటరింగ్ పంపు తీసేసి, ఆ చోటు ప్లేటుతో మూసేశాను. దానికి బదులు పెట్రోలు పోసిన ప్రతిసారీ టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపేవాణ్ణి, లీటరుకి ఎనిమిది మిల్లీలీటర్ల లెక్కన. డిక్కీలో కొలత కప్పు, డబ్బా ఎప్పుడూ ఉండేవి. ఆరు నెలలు శ్రద్ధగా చేశాను. తర్వాత ఒక వానరోజు, దిగి కలపడానికి బద్ధకించాను. ఏమీ కాలేదు. ఇంకోసారి డబ్బా ఖాళీ అయింది, రేపు కొనొచ్చులే అనుకున్నాను. ఒక నెల స్నేహితుడికి కారిచ్చాను, కలపాలన్న మాటే చెప్పలేదు. పంపైతే మరిచిపోదు, మనిషి మరిచిపోతాడు. అది నా బుర్రకు తట్టలేదు.

మీ అమ్మకు మొదటి ఉద్యోగం వచ్చింది. రైలెక్కిస్తానని నేనే తీసుకెళ్ళాను. దారిలో పెట్రోలుకు ఆపి, పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. వేడి మీద కంప్రెషన్ లేదు, అంటే లోపల గాలిని నొక్కిపట్టే బిగువు లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టయిన బండే! మీ అమ్మ పెట్టె మీద కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. రైలు వెళ్ళిపోయాక, ఇంజిన్ చల్లారాక, ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. ఆ శబ్దం వింటే ఏడుపొచ్చింది నాకు. తర్వాత ఇంజిన్ విప్పితే సీళ్ళు అరిగిపోయి ఉన్నాయి, హౌసింగ్ క్రోమ్ మీద అడ్డంగా గీతలు. ఆ ఖరీదైన ఆయిల్ సంప్‌లో నిండుగానే ఉంది, సీళ్ళకు అందకుండా.

కాబట్టి ఎవరేం చెప్పినా ఆ పంపు జోలికి వెళ్ళకు. నువ్వు తెలివిగలదానివి, ఎవరో లెక్కలు చెబితే నాలాగే నమ్మేస్తావు. అదే నా బెంగ. పంపు ఉంచుకుని, పైన కొంచెం టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతానంటే కలుపు, అప్పుడు ఒకసారి మరిచినా పంపు కాచుకుంటుంది. ట్యాంకు నింపిన ప్రతి రెండోసారీ, బండి సమతలంగా ఉన్నచోట ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీసి చూడు. తగ్గిందని కంగారుపడకు, తగ్గకపోతేనే నాకు ఫోన్ చెయ్యి. పైగీత దాటి పొయ్యకు.

ఈ ఆదివారం ఒక అరగంట నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగు. తర్వాత నాకు ఫోన్ కలిపి, బానెట్ దగ్గర పెట్టి, మీ అమ్మను తాళం తిప్పమను. ఆ చప్పుడు నేను వినాలి.

మీ మామయ్య