అమ్మ కడుపులో గడ్డ: బుడగల మందు కిడ్నీకి చేటా?

ప్రశ్న: మాది కావలి. అమ్మకు 58 ఏళ్లు. ఎండోస్కోపీలో జీర్ణాశయం గోడలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. పైపొర మామూలుగానే ఉంది, ముక్క తీసినా ఏమీ తేలలేదు. నెల్లూరులో డాక్టరుగారు కాంట్రాస్ట్ (గడ్డ స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) ఇచ్చి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేద్దామన్నారు. అమ్మకు రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. సీటీకే కాంట్రాస్ట్ వద్దన్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ భయం సహజమేనమ్మా. కానీ ఇది సీటీలో వాడే అయోడిన్ మందు కాదు. చేతి నరంలోకి ఎక్కించే సన్నని గ్యాస్ బుడగలు. ఆ గ్యాస్ ఊపిరితోనే బయటికి పోతుంది, కిడ్నీలపై భారం పడదు. అలర్జీలు, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే మాత్రం ముందే చెప్పండి.

ఎండోస్కోపీ గొట్టం చివర ఉండే అల్ట్రాసౌండ్ గడ్డను దగ్గర్నుంచి చూస్తుంది. రక్తంతోపాటు బుడగలు చేరినచోట తెల్లగా మెరుస్తుంది. జీర్ణాశయం గోడలో పుట్టే జిస్ట్ అనే గడ్డ సాధారణంగా బాగా మెరుస్తుంది. లియోమయోమా (కండరంలో వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ), కొవ్వుగడ్డ అంతగా మెరవవు. జిస్ట్ క్యాన్సర్‌గా ప్రవర్తించే అవకాశం ఉంది, అందుకే ఈ తేడా అంత ముఖ్యం. అయితే మెరుపు చూసి తీర్పు చెప్పేయకూడదు. అదే గొట్టం ద్వారా సూదితో లోపలి ముక్క తీసి, జిస్ట్‌ను గుర్తించే సీడీ117 పరీక్షకు పంపుతారా అని అడగండి. మొదటిసారి ముక్క పైపొరలోంచే వచ్చి ఉంటుంది, అందుకే ఏమీ తేలలేదు.