పూజ పెట్టెలోని వెండి రూపాయల గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ పూజ పెట్టెలోని వెండి రూపాయలను గ్రేడింగుకు, అంటే అసలువో కావో, ఎంత అరిగాయో చూసి అంకె వేసేవాళ్ల దగ్గరికి, పంపాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఒకడికైనా వాటి మీద మనసు పోయినందుకు గర్వపడ్డాను; కానీ పంపే ముందు "కాస్త శుభ్రం చేస్తాను" అన్నావట, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

బిళ్లను అంచులతోనే పట్టుకోవాలని, మెత్తని పీవీసీ కవర్లు వాడకూడదని, కోనసీమ తేమకు సిలికా జెల్ పొట్లం వెయ్యాలని నీకు తెలిసే ఉంటుంది.

మీ తాతయ్య దగ్గర 1911 నాటి అయిదో జార్జి రూపాయి ఒకటి ఉండేది. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనబడుతోందని అలజడి రేగడంతో ఆ రూపాయలను చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించి, 1912లో ఏనుగు రూపు సరిదిద్ది వేశారు కనుక, మిగిలినవాటికి గిరాకీ ఎక్కువ. రాజమండ్రి నుంచి కొనేవాడు వస్తున్నాడని తాతయ్య దాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమి, పంచె చెంగుతో తుడిచి తళతళలాడించారు. వచ్చినాయన కిటికీ దగ్గర నిలబడి బిళ్లను ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పాడు. రాజు చెంప మీదా, ముఖం ముందున్న ఖాళీలోనూ వెంట్రుకల్లాంటి గీతలు ఒకే వాటంగా మెరిసి, కొంచెం తిప్పేసరికి కనబడకుండా పోయాయి. గుడ్డ చేరని అక్షరాల మొదళ్లలో మాత్రం పాత నలుపు అలాగే ఉంది. చెప్పిన ధరలో సగం కూడా ఇవ్వనన్నాడు. తాతయ్యకు ఒళ్లు మండి బిళ్లను లోపల పెట్టేశారు. అది ఇప్పుడు ఆ పూజ పెట్టెలోనే ఉంది, మళ్లీ నల్లబడింది, అయినా దీపం కింద తిప్పితే ఆ నలుపు అడుగున గీతలు కనబడతాయి.

చేతులు మారిన నాణేనికి గీతలుండటం తప్పేమీ కాదు. వాడకంలో పడ్డవి తలో దిక్కుకూ పోతాయి, లోతూ ఒక్కలా ఉండదు; తోమినవి గుంపుగా, వరసగా ఉంటాయి. బాగా అరిగిన బిళ్ల మీద పలచటి పాత గీతలను గ్రేడర్లు చాలాసార్లు చూసీచూడనట్టు పోనిస్తారు గానీ, తక్కువ అరిగినదాని మీద అవే గీతలుంటే అంత సులువుగా వదలరు. తోమినట్టు స్పష్టంగా తేలితే, 1 నుంచి 70 వరకున్న కొలమానంలో అంకె ఇవ్వకుండా, "డీటెయిల్స్" అని రాసి పక్కన కారణం వేస్తారు. అరిగిన బిళ్ల బూడిదరంగులో ఉండటమే సహజం, తెల్లగా మెరిస్తేనే అనుమానం.

ద్రావణంలో ముంచితే బాగుపడుతుందని ఎవరైనా చెబితే చెవిన పెట్టకు. గీత అంటే చెదిరిన లోహం, అది తిరిగి రాదు. పైనున్న నలుపు పోయి గీతలు మరింత బయటపడతాయి.

అందుచేత 1911 బిళ్లను ఎలా ఉన్నదాన్ని అలా పంపు, "డీటెయిల్స్" వచ్చినా అసలుదని తేలుతుంది. గొలుసుకు కొక్కెం అతికించి తీసినవాటినీ, సగమే వెండి ఉన్న 1940 తరువాతి మామూలు బిళ్లలనూ పంపడం డబ్బు దండగ. వరలక్ష్మీ వ్రతానికి మీ అమ్మ ఆ పెట్టె తియ్యకముందే పూజకు వేరే బిళ్లలు కొనిపెట్టు, నాన్నా. నేను చెబితే వినదు, నువ్వు చెబితే వింటుంది.