యాభై పౌండ్ల జరిమానా దగ్గర మొదలుపెట్టు

మూలాపేట, నెల్లూరు

అమ్ములూ,

మీ అమ్మ నిన్న ఫోను చేసింది. ఉద్యోగానికి సెలవు పెట్టి, ఇంగ్లండులో వరుసగా హత్యలు చేసిన ఆ భార్యాభర్తల మీద తెలుగులో పుస్తకం రాస్తావట. "ఇలాంటివి రాసే పిల్లకు సంబంధాలు వస్తాయా అక్కా?" అని ఒకటే ఏడుపు. దానికి చెప్పాల్సిన నాలుగు మాటలు నేను చెప్పాను, ఆ సంగతి నాకు వదిలెయ్. మన ఇంట్లో పుస్తకం రాసే మనిషి తయారైందని పొద్దున ఎదురింటి వాళ్లకు కూడా చెప్పుకున్నాను. చెప్పుకుని లోపలికి వచ్చి కూర్చున్నాక గుబులు పట్టుకుంది. పండక్కి కోడిని కోస్తుంటే దొడ్డి గుమ్మం దాటి పారిపోయిన పిల్లవి. ఫ్రెడ్ వెస్ట్, రోజ్‌మేరీ వెస్ట్‌ల కేసు కాగితాలతో నెలల తరబడి ఎలా కాపురం చేస్తావు?

ఈ కేసు నాకు కొత్త కాదు. 1995 అక్టోబరు, నవంబరు నెలల్లో వించెస్టర్ క్రౌన్ కోర్టులో విచారణ జరుగుతున్నప్పుడు మా జడ్జిగారు ఇంగ్లీషు పేపరు చదివి పక్కన పెడితే నేను తీసుకుని చదివేదాన్ని. సర్వీసంతా సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసిన దాన్ని కనుక ఒక కోర్టు మనిషిగా కొన్ని సంగతులు రాస్తున్నాను. సాహిత్యం నాకు తెలియదు, అది నువ్వు చూసుకో.

తెలిసిన విషయాలు ముందు. సినిమాలు చూసి రాయకు. తేదీలకు వేరే నోటుబుక్కు పెట్టు. ఎవరు ఎప్పుడు జైల్లో ఉన్నారో, ఎవరు ఎప్పుడు కనిపించకుండా పోయారో పక్కపక్కన గీతలు గీసి రాసుకో. పన్నెండు హత్యలు, పది హత్యలు అని రెండు లెక్కలు కనబడి తికమక పెడతాయి. ఫ్రెడ్ మీద పెట్టినవి పన్నెండు, రోజ్ మీద పెట్టినవి పది. ఫ్రెడ్ 1995 జనవరి 1న బర్మింగ్‌హామ్ జైల్లో ఉరేసుకున్నాడు కాబట్టి అతని మీద విచారణే జరగలేదు. ఇద్దరినీ కోర్టు శిక్షించిందని ఎక్కడా రాయకు.

ఇప్పుడు అసలు మాట. గ్లోస్టర్ ఊళ్లో క్రామ్‌వెల్ వీధి 25వ నంబరు ఇల్లు, దాని కింద గది, అక్కడ తవ్వితే బయటపడినవి... ఈ కేసు మీద రాసేవాళ్లు చాలామంది అక్కడే మొదలుపెడతారు. నువ్వు 1973 జనవరిలో మొదలుపెట్టు.

ఆ నెలలో గ్లోస్టర్ మేజిస్ట్రేటు కోర్టులో ఒక చిన్న కేసు ముగిసింది. అంతకు ముందు నెలలో, అంటే 1972 డిసెంబరులో, ఈ దంపతులు ఒక పదిహేడేళ్ల పిల్లను దారిలో కారెక్కించుకుని, కొట్టి, కట్టేసి ఇంటికి తీసుకెళ్లారు. కొన్నాళ్ల క్రితం వాళ్ల పిల్లల్ని చూసుకునే పనికి కుదిరి, అక్కడి వాతావరణం నచ్చక మానేసిన పిల్ల. రాత్రంతా ఇద్దరూ కలిసి చేయకూడనివన్నీ చేశారు. మళ్లీ పనిలోకి వస్తానని ఒప్పుకుంటే మర్నాడు వదిలారు. ఒంటి మీద దెబ్బలు తల్లి కంట పడ్డాయి, పోలీసులు వచ్చారు. అత్యాచారం జరిగింది. కానీ నలుగురి ముందు బోనెక్కి అదంతా చెప్పడం ఆ పిల్ల వల్ల కాలేదు. అభియోగం తగ్గించారు, దంపతులు తగ్గించిన నేరాన్ని ఒప్పుకున్నారు, చెరో యాభై పౌండ్లు జరిమానా కట్టి ఇంటికి వెళ్లిపోయారు.

కోర్టులో పనిచేసిన వాళ్లకు ఆ గది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ముద్దాయిలు నేరం ఒప్పుకున్నారంటే అందరికీ హాయి. సాక్షుల్ని పిలిచే పని లేదు, వాయిదాలు లేవు, ఆ నెల డిస్పోజల్ లెక్కలో, అంటే ముగిసిన కేసుల లెక్కలో, ఒకటి పెరుగుతుంది. పైగా ఎదురుగా నిలబడింది పెళ్లయి ఏడాదైనా నిండని జంట. భర్త పక్కన పంతొమ్మిదేళ్ల భార్య ఉంటే ఆ నేరం మీద ఎవరో దుప్పటి కప్పినట్టే. ఒంటరి మగవాడు అదే పని చేసి వచ్చుంటే అంత తేలిగ్గా వదిలేవారా? నాకు నమ్మకం లేదు.

అమ్ములూ, ఆ జనవరిలో నాకూ పదిహేడేళ్లే. ఇక్కడ జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉంది, ఆ నెలలోనే రాష్ట్రపతి పాలన వచ్చింది. కాలేజీ లేక ఇంట్లో కూర్చుని మీ తాతయ్యను టైపు నేర్పించమని వేధిస్తున్నాను. ఆ పిల్ల ఏ వయసులో బోనెక్కలేకపోయిందో నాకు బాగా తెలుసు.

ఏప్రిల్‌లో లిండా గఫ్ కనిపించకుండా పోయింది. పంతొమ్మిదేళ్లు, కుట్టుపని చేసేది. తల్లి వెతుక్కుంటూ వెళ్లి క్రామ్‌వెల్ వీధిలో తలుపు తట్టింది. తలుపు తీసిన రోజ్ కాళ్లకు కూతురి చెప్పులున్నాయి. మీ అమ్మాయి వెస్టన్ సూపర్ మేర్ వెళ్లిపోయిందని చెప్పి పంపేశారు. ఇరవై ఏళ్లు దాటాక ఆ తల్లి కోర్టులో ఆ చెప్పుల సంగతి చెప్పింది. నువ్వు ఇంకేం వదిలేసినా ఆ చెప్పుల్ని వదలకు. నేనైతే ఆ చెప్పులకు సాక్ష్యపు వస్తువులకు వేసే ఎం.ఓ. నంబరు వేసి బల్ల మీద పెట్టేదాన్ని.

ఆ డిసెంబరులో లూసీ పార్టింగ్టన్ అనే విద్యార్థిని చెల్టెన్‌హామ్ దగ్గర బస్సు కోసం నిలబడి మాయమైంది. ఆ తర్వాత ఇంకా ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ, వయసూ, ఏం చదువుతున్నదో ఏం పని చేస్తున్నదో రాయి. ఎలా చంపారన్నది కోర్టుకు అవసరమైనంత రాస్తే చాలు. 1972 డిసెంబరులో బతికి బయటపడిన ఆ పిల్ల తర్వాత తన పేరు తనే చెప్పుకుంది, వించెస్టర్‌లో సాక్ష్యమూ ఇచ్చింది. అయినా నేను ఇక్కడ పేరు రాయలేదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదనే పాత శిక్షాస్మృతి 228-ఎ సెక్షను చదివిన చెయ్యి, రాయనివ్వదు.

ఎందుకింతగా చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక కోర్టులో ఇలాంటిదే చూశాను. కోవూరు వైపు పల్లె నుంచి వచ్చి ఒక ఇంట్లో పనికి ఉన్న పిల్ల. ముద్దాయి ఆ ఇంటి యజమాని. భార్య మీద కేసు లేదు, ఆమె వెనక బెంచీలో కూర్చుంది. మంచి పట్టుచీర, ఒళ్లో టిఫిను క్యారియరు. పిల్ల బోనెక్కి ముందు నావైపు చూసింది, హాల్లో నేనొక్కదాన్నే ఆడమనిషిని కాబట్టి అనుకుంటాను. తర్వాత వెనక బెంచీ వైపు చూసింది. ఇక ప్రభుత్వం తరఫు వకీలు పీపీ గారు ఏం అడిగినా "నాకు తెలియదు" అనడమే. హోస్టైల్ అని, అంటే పిలిచిన పక్షానికే ఎదురు తిరిగిన సాక్షి అని ప్రకటించారు. జడ్జిగారు చెబుతుంటే నేను టైపు చేశాను. పేజీ కూడా నిండలేదు. బయటికి వచ్చేసరికి ఆ భార్య పిల్ల భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగుతోంది. పిల్ల మళ్లీ అదే ఇంటికి వెళ్లిందో, ఊరికి వెళ్లిందో నాకు తెలియలేదు.

వెస్టుల కేసులో ఇది ఒక్కసారి జరిగి ఆగలేదు. 1992లో ఫ్రెడ్ సొంత కూతురి మీదే అఘాయిత్యం చేశాడని కేసు నడిచింది. 1993 జూన్‌లో అదీ పడిపోయింది, ముఖ్యమైన సాక్షులు చెప్పడానికి ముందుకు రాలేదు. అప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉన్న చిన్న పిల్లలు, మాట వినకపోతే మీ అక్క హెదర్‌లా పెరట్లో రాళ్ల కింద ఉంటారని నాన్న అనేవాడని చెప్పారు. 1987లో పదహారేళ్ల హెదర్ ఇల్లు వదిలి వెళ్లిపోయిందన్న మాట అప్పటిదాకా ఎవరూ తరచి చూడలేదు. హేజెల్ సావేజ్ అనే పోలీసు అధికారిణి ఆ వేళాకోళాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. 1994 ఫిబ్రవరిలో వారంటుతో వెళ్లి తవ్వించారు. ఆమె గురించి ఒక అధ్యాయం రాసినా ఎక్కువ కాదు.

రోజ్ దగ్గరికి వచ్చేసరికి నిన్ను కాస్త కేకలెయ్యాలి. "పాపం, చిన్న వయసులో వాడి చేతిలో పడింది పెద్దమ్మా" అని దసరాకు వచ్చినప్పుడు అన్నావు. పదిహేనేళ్లప్పుడు ఆమెకు ఫ్రెడ్ పరిచయమైన మాట నిజం, అతను పన్నెండేళ్లు పెద్ద. అది రాయి. వించెస్టర్‌లో ఆమె తరఫు వాదన కూడా అదే దారిలో నడిచింది, చేసింది మొగుడే, నాకేమీ తెలియదని. ప్రత్యక్ష సాక్షి లేడు, ఆమె ఒప్పుకోలూ లేదు. కానీ షార్మేన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల ఉంది, ఫ్రెడ్ మొదటి భార్య కూతురు. 1971లో ఆ పిల్ల కనిపించకుండా పోయిన నాటికి ఫ్రెడ్ దొంగతనం కేసులో జైల్లో ఉన్నాడు, జూన్ 24న విడుదలయ్యాడు. దంతాల నిపుణుడు ఆ పిల్ల ఏప్రిల్‌లో నవ్వుతూ దిగిన ఫోటోలోని పళ్లనూ, దొరికిన పుర్రెనూ పోల్చి, పళ్లు ఎంతవరకు మొలిచాయో చూసి, మొగుడు తిరిగి రాకముందే ప్రాణం పోయిందని తేల్చాడు. ఆ రోజుల్లో పిల్లను చూసుకున్నది రోజ్. ఇందుకే తేదీల నోటుబుక్కు పెట్టమన్నది. జైలు రిజిస్టరులో ఒక తేదీ, పిల్ల నోట్లో సగం మొలిచిన పన్ను, ఈ రెండూ కలిస్తే ఆ "పాపం" నిలబడదు.

అలాగని "ఆడదై ఉండి ఎలా చేసింది" అని కూడా రాయకు. కోర్టు వరండాల్లో ఆ మాట వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. మగవాడు చేస్తే కొద్దిగా మామూలే అన్న అర్థం ఆ మాటలో దాక్కుని ఉంటుంది. జ్యూరీ నవంబరు 21న మూడు హత్యలకు, మర్నాడు మిగతా ఏడింటికి ఆమెను దోషిగా తేల్చింది. జస్టిస్ మాంటెల్ పది యావజ్జీవ శిక్షలు వేశాడు. తర్వాత 1997లో హోం మంత్రి జాక్ స్ట్రా ఆమె చనిపోయేదాకా జైల్లోనే ఉండాలని నిర్ణయించాడు. ఆమె ఏమై ఉంటుందన్న ఊహాగానం కంటే ఈ తీర్పు ఎలా నిలబడిందన్నది మన పాఠకులకు పనికొస్తుంది.

మన పాఠకులు తప్పక తికమక పడే చోటు ఇంకొకటి ఉంది. ఫ్రెడ్ పోలీసులతో మాట్లాడిన టేపుల్ని ఆ కోర్టులో వినిపించారు. అన్నీ తానొక్కడే చేశానన్న మాటల కోసం రోజ్ తరఫు వాళ్లే వినిపించమన్నారు. మన దగ్గర పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు, పాత ఎవిడెన్సు చట్టంలో 25వ సెక్షను. 122వ సెక్షను ప్రకారం భార్యాభర్తలు కాపురంలో చెప్పుకున్న మాటలకూ రక్షణ ఉంది. కొత్త చట్టంలో నంబర్లు మారాయి, ఎవరైనా జూనియర్‌ను అడుగు. ఆ టేపులు వినిపించడమే రోజ్‌కు ఎదురు తగిలింది. పోలీసు విచారణలో ఫ్రెడ్ పక్కన కూర్చున్న స్వచ్ఛంద సేవకురాలిని ప్రాసిక్యూషన్ పిలిపించింది, రోజ్‌కూ పాత్ర ఉందని అతను తనకు చెప్పాడని ఆమె సాక్ష్యమిచ్చింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆమెకు ఒక పత్రికతో లక్ష పౌండ్ల ఒప్పందం ఉన్నట్టు బయటపడింది. తీర్పు నిలిచింది, 1996లో అప్పీలు కూడా కొట్టేశారు. కానీ సాక్షి చేతిలో డబ్బు పెడితే నిజం చెప్పినా అబద్ధంలా వినబడుతుంది. నువ్వు ఎవరితో మాట్లాడినా ఒక్క రూపాయి ఇవ్వకు. ఆ కుటుంబాల్లో బతికున్న వాళ్లకు ఉత్తరాలు రాసి వెంటపడకు. రికార్డు చాలు.

ముఖచిత్రానికి ఆ ఇంటి ఫోటో వాడనని నాకు మాట ఇవ్వు. 1996లో ఆ ఇంటిని కూల్చి, ఎవరూ జ్ఞాపికగా పట్టుకుపోకుండా ఇటుకల్ని పిండి చేశారు, ఇప్పుడక్కడ నడిచే దారి ఉంది. అంత కష్టపడి చెరిపేసిన గోడల్ని నెల్లూరులో మళ్లీ ఎందుకు లేపడం?

రాత్రి తొమ్మిది దాటాక ఆ కాగితాలు ముట్టుకోకు. టైపు చేసిన వాంగ్మూలాలు నిద్రలో మళ్లీ టైపు అవుతాయి, నాకు అనుభవమే. హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చుని రాయొద్దు, ఇక్కడికి వచ్చెయ్. మేడ మీద గది ఖాళీ. సాయంత్రం రంగనాయకుల గుడిదాకా నడిచి పెన్న చూసొద్దాం. చేపల పులుసు నేను పెడతాను, నువ్వు ముల్లు తీసుకోవడం మాత్రం నేర్చుకో, ఇంకా నేనే తీసి పెట్టాలా?

మొదటి అధ్యాయం ఫోనులో పంపకు, ఆ అక్షరాలు నాకు ఆనవు. ప్రింటు తీసి, ఎడమ పక్క రెండంగుళాల మార్జిన్ వదిలి, వరుసకూ వరుసకూ మధ్య చోటిచ్చి పోస్టులో పంపు. తేదీలు నేను సరిచూస్తాను. మీ అమ్మకు అప్పుడే చూపించకు, ముందు నన్ను మాట్లాడనివ్వు.

పెద్దమ్మ