ఈస్టర్ తర్వాత వచ్చే ఆదివారాలు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. ఈస్టర్ ముందటి శ్రమదినాల కూడికలన్నిటికీ వెళ్లాం. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువపై పలికిన ఏడు మాటలూ విన్నాం. ఈస్టర్ తెల్లవారుజామున నారాయణగూడ సమాధుల తోటలో ప్రార్థించి గుడికి వెళ్తే ఇంటిల్లిపాదికీ మనసు నిండిపోయింది. మరుసటి ఆదివారానికే ఎవరికీ లేవాలనిపించలేదు. మావారిది నైట్ షిఫ్టు. పిల్లలు ఫోనులో లైవ్ చూద్దామంటున్నారు. ఆ సంతోషం నిలిచేదెలా?
– ఒక సహోదరి, మల్కాజిగిరి

జవాబు: వందనాలమ్మా. ఈస్టర్ ముందటి పరిశుద్ధ వారమంతా నిద్ర చాలదు, ఒంట్లో ఓపిక అయిపోతుంది. దాన్ని విశ్వాసం తగ్గిందని లెక్కపెట్టుకోకండి. ఈస్టర్ తర్వాతి వారం పెందలాడే పడుకోండి, ఆదివారం మాత్రం మానకండి.

యోహాను 20వ అధ్యాయం చూడండి. తిరిగి లేచిన మొదటి ఆదివారం సాయంత్రం యేసు ప్రభువు శిష్యుల దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లలో ఒకడైన తోమా అక్కడ లేడు. తోటివాళ్లు ఎంత చెప్పినా వాళ్ల సంతోషం అతనికి అంటలేదు. ఎనిమిది దినాల తర్వాత, మొదటి రోజునూ కలిపే యూదుల లెక్కలో మళ్లీ ఆదివారమే, వాళ్ల మధ్య ఉన్నప్పుడు ప్రభువును చూశాడు. అనుమానం తీరకుండానే వచ్చి కూర్చున్నాడు. మీ ఇంట్లోవాళ్లూ అలాగే రావచ్చు.

పైగా పండుగ ఇంకా అయిపోలేదు. సంఘ క్యాలెండరులో ఈస్టర్ కాలం 50 రోజులు. 2026లో ఏప్రిల్ 5న మొదలై, మే 14న, ప్రభువు పరలోకానికి వెళ్లిన ఆరోహణ దినం దాటి, మే 24న, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తుతో ముగుస్తుంది. శ్రమదినాలు మొదలయ్యే బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. ఆదివారం పునరుత్థాన దినం గనుక ఆరు ఆదివారాలను ఉపవాసంలో కలపరు, అందుకే 40 అంటాం. నలభై రోజులు నిష్ఠగా గడిపిన ఇల్లు ఈ యాభై రోజులనూ గడపగలదు.

ఇంట్లో అపొస్తలుల కార్యములు చదవండి. 28 అధ్యాయాలు, వారానికి నాలుగు సాయంత్రాలు, పూటకొకటి చొప్పున ఏడు వారాల్లో పూర్తవుతాయి. ఏడో అధ్యాయానికి 60 వచనాలున్నాయి, ఆ వారం ఒక సాయంత్రం ఎక్కువ కూర్చుని దాన్ని రెండు పూటలు చేసుకోండి. ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోంచి రెండు చరణాలు పాడండి. ఫోనులో సాహిత్యం వెతికితే మధ్యలో మెసేజీలు వస్తాయి. చదివాక ఒక్కొక్కరు ఒక కృతజ్ఞత చెప్పి, పరలోక ప్రార్థనతో ముగించండి. ఇరవై నిమిషాలు చాలు. కుటుంబ ప్రార్థన సాధారణంగా రెండుచోట్ల చెడుతుంది: రాత్రి పదింటికి, పిల్లలు తూగుతుండగా మొదలుపెట్టడం, పెద్దవాళ్లు ప్రార్థనలోనే పిల్లల మార్కుల గురించి దేవునికి ఫిర్యాదు చేయడం. రెండోది మరీ హాని, పిల్లలకు ప్రార్థనంటేనే భయం పడుతుంది. భోజనానికి ముందే ముగించండి.

ఆదివారం సంగతి శనివారమే తేలాలి. బట్టలు ఇస్త్రీ చేసి, బైబిళ్లు, కానుక ఒకచోట పెట్టుకోండి. మీవారు శనివారం ఉదయం డ్యూటీ దిగితే పగలు మూడు నాలుగు గంటలే పడుకోమనండి, రాత్రి నిద్ర పడుతుంది. జంటనగరాల పెద్ద సంఘాల్లో ఆదివారం ఒకటికి మించి ఆరాధనలుంటాయి. ఈ ఎండల్లో పిల్లలతో మొదటి ఆరాధనకే వెళ్లండి.

లైవ్ మంచంపట్టినవారికీ, డ్యూటీలో ఉన్నవారికీ మేలే. కానీ ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు సంస్కారం, ఫోనులో అందదు. మీ పక్కన కూర్చునే ముసలమ్మకు మీ పలకరింపూ అందదు. “సమాజముగా కూడుట మానక” అని హెబ్రీ పత్రిక 10:25 చెప్పింది ఒకరినొకరు ప్రేమకూ సత్కార్యాలకూ పురికొల్పుకోవడం కోసమే. చాలా సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం ఉంటుంది. ఊరి ప్రయాణాలు దానికి అడ్డం రాకుండా చూసుకోండి.

ప్రశ్న: పాడుతున్నా మనసు కదలడం లేదు. ఇది వేషధారణా?
– ఒక సహోదరుడు, ఉప్పల్

జవాబు: కాదు బాబూ. 42వ కీర్తన రాసినవాడు పండుగ చేసే జనసమూహంతో మందిరానికి నడిచిన రోజులు తలచుకుని ఏడ్చాడు. 42, 43 కీర్తనల్లో కలిపి మూడుసార్లు తన ప్రాణాన్నే “ఏల క్రుంగియున్నావు” అని అడిగి, దేవునియందు నిరీక్షణ ఉంచమన్నాడు. వాటిని రోజూ పైకి చదవండి. వారాల తరబడి నిద్ర, ఆకలి కూడా లేకపోతే పాస్టరుగారితో పాటు డాక్టరునీ కలవండి.