పెళ్లి మాటల్లో ‘విత్’ పేచీ

సందేహం: ‘మా అక్కకి డాక్టరుతో పెళ్లయింది’ అనే వాక్యాన్ని ‘మై సిస్టర్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్’ అని రాస్తే మా లెక్చరరు గారు ‘విత్’ కొట్టేశారు. తెలుగులో ‘తో’ ఉంది కదండీ? పెళ్లిని వెడ్డింగ్ అనాలా, మ్యారేజ్ అనాలా అన్నదీ చెప్పగలరు.
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

సమాధానం: కొట్టేయడం సబబేనమ్మా. మీ ‘విత్’ ఆ ‘తో’లోంచే దిగింది. కానీ ‘అక్క డాక్టర్ని పెళ్లి చేసుకుంది’ అని కూడా అంటాం కదా. అక్కడ ‘తో’ లేదు, ‘ని’ ఉంది. ఇంగ్లీషు ‘మ్యారీ’ కూడా అలా నేరుగా కర్మను పట్టుకునే క్రియే. ‘షి మ్యారీడ్ ఎ డాక్టర్’, అంతే. ‘పెళ్లయింది’ ధోరణిలోనే చెప్పాలంటే ‘గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’. అక్కడా ‘టు’యే. ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అని ఎక్కడో చదివి నన్ను నిలదీస్తారేమో! అదీ ఒప్పే. పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు అని దానర్థం. ఈ లెక్కన మీ వాక్యం చదివినవాళ్లు డాక్టర్ని కూడా పిల్లల జాబితాలో వేసుకునే ప్రమాదం ఉంది.

‘పెళ్లయింది’ అన్న మాట మనకి రెండు పనులు చేస్తుంది. ‘పోయినేడు పెళ్లయింది’ అంటే జరిగిన సంగతి, కనుక ‘గాట్ మ్యారీడ్ లాస్ట్ ఇయర్’. సంబంధం అడగొచ్చినవాళ్లతో ‘అమ్మాయికి పెళ్లయిందండీ’ అంటే ఇప్పుడున్న స్థితి, ‘షి ఈజ్ మ్యారీడ్’. ‘పెళ్లయి మూడేళ్లయింది’ అయితే ‘దే హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ త్రీ ఇయర్స్’.

అసలు తంటా పెద్దలు చేసే పెళ్లితో. మన గోదావరి జిల్లాల్లో ‘పిల్లని పాలకొల్లు ఇచ్చారు’ అంటారు. ఊరికి ఇవ్వలేదని వినేవాళ్లకి తెలుసు. ‘వుయ్ గేవ్ అవర్ డాటర్ టు పాలకొల్లు’ అంటే ఇంగ్లీషువాడు బిత్తరపోతాడు. పెళ్లయ్యాక పాలకొల్లులో ఉంటోందని తిప్పి చెప్పుకోవాల్సిందే. ‘గివ్ ఎవే’ అని ఒకటుంది గానీ, అది చర్చిలో తండ్రి కూతుర్ని నడిపించుకెళ్లి వరుడికి అప్పగించే ఘట్టానిది. మన కన్యాదానానికి దగ్గర. ‘మ్యారీ ఆఫ్’లో బరువు దించుకున్నారన్న ధ్వని వినిపిస్తుంది, దాని జోలికి పోకండి. పెళ్లి జరిపించే పాస్టరు గారికీ ‘మ్యారీ’యే క్రియ: ‘ద పాస్టర్ మ్యారీడ్ దెమ్’. చేసుకోవడం, చేయడం, జరిపించడం అన్నిటికీ వాళ్లకి ఒక్కటే మాట. మన ‘చేసుకొను’లోని ‘కొను’ ఎంత బరువు మోస్తోందో చూడండి.

ఇక రెండో ప్రశ్నకి అంతర్వేది వెళ్దాం. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం ఏటా మాఘమాసంలో జరుగుతుంది. ముహూర్తం, తలంబ్రాలు, జనం, ఆ వేడుక అంతా వెడ్డింగ్. స్వామికీ అమ్మవారికీ ఉన్న బంధం మ్యారేజ్, అది ఏటా కొత్తగా మొదలవదు. కనుక మీరు వెళ్లేది వెడ్డింగ్‌కి, శుభలేఖ వెడ్డింగ్ కార్డు. రిజిస్ట్రారు రాసిచ్చేది బంధానికి రుజువు గనుక మ్యారేజ్ సర్టిఫికెట్. ‘మ్యారేజ్ హాల్’, ‘మ్యారేజ్ కార్డ్’ మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిపోయాయి. మాటల్లో అంటే తప్పు పట్టను, పరీక్షలో మాత్రం వద్దు. ఏటా వచ్చే పెళ్లిరోజు ‘వెడ్డింగ్ యానివర్సరీ’. ‘వెడ్డింగ్ డే’ అంటే తాళి కట్టిన ఆ ఒక్క రోజే. ఫ్లెక్సీల మీది ‘హ్యాపీ మ్యారేజ్ డే’ మన సొంత సరుకు.

ఇంగ్లీషు శుభలేఖల్లో ‘మ్యారేజ్ ఆఫ్’ అని అమ్మాయి పేరు, ‘విత్’ అని అబ్బాయి పేరు కనిపిస్తాయి. అక్కడ ‘మ్యారేజ్’ నామవాచకం, పైగా పాతకాలపు లాంఛన శైలి. ఆ ‘విత్’ని తెచ్చి క్రియకి తగిలించకండి. పెళ్లికారు అద్దం మీది ‘వెడ్స్’ పత్రికల శీర్షికల మాట. పొట్టిది గనుక రెండు పేర్ల మధ్య బాగానే ఇముడుతుంది. వ్యాసంలో ‘మ్యారీడ్’ అనే రాయండి.