లీమర్లని కాపాడటం కూడా ఉద్యోగమేనా సార్?

"మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్, నీట్ సీరియస్‌గా చదవమంటే మడగాస్కర్ వెళ్లి లీమర్లని కాపాడతానంటోంది, అసలు అదొక ఉద్యోగమేనా" అని నల్గొండ నుంచి ఒక నాన్నగారు అడిగారు.

ఉద్యోగమే సార్. కాకపోతే పాప ఊహించుకుంటున్నది వేరు, అక్కడ జరిగే పని వేరు అయ్యుండొచ్చు, ముందు అది చెప్తా.

లీమర్లంటే కోతులకి దూరపు చుట్టాలు, సహజంగా ఉండేది ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవిలోనే, 2020లో ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చూసే ఐయూసీఎన్ సంస్థ లెక్క తీస్తే 107 జాతుల్లో 103 ప్రమాదంలో ఉన్నాయి, 33 అయితే పూర్తిగా పోయే స్థితిలో. కారణం అడవి పోవడం. మన ఏజెన్సీలో పోడు కొడతారు చూడండి, అక్కడ తావీ అని అలాగే చెట్లు నరికి తగలబెట్టి వరి వేస్తారు, కొన్ని పంటలకే భూమిలో సారం అయిపోతుంది, మళ్లీ ఇంకో ముక్క నరకాలి, దానికి తోడు బొగ్గు కాల్చడం, వేట. వాళ్లేం చెడ్డోళ్లు కాదు సార్, కడుపు కోసం చేస్తారు. అందుకే ఈ ఫీల్డ్‌లో సగం పైన పని మనుషులతోనే.

అక్కడే అంబలవావ్ ఊరి దగ్గర అంజా అనే చోట ఊరోళ్లే సంఘం పెట్టుకుని తోక మీద చారలుండే రింగ్ టెయిల్డ్ లీమర్లు ఉండే రాళ్లగుట్టల అడవిని కాపాడుకుంటున్నారు, గైడ్లు కూడా వాళ్లే, టూరిస్టుల టికెట్ డబ్బు బడికి, చేపల చెరువులకి, మొక్కల నర్సరీకి వెళ్తుంది, 2012లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. ఇంకోపక్క ఆయ్-ఆయ్ అనే లీమర్ ఉంది, పుల్లలా సన్నగా ఉండే నడిమి వేలితో కొమ్మ మీద టకటకా కొట్టి లోపల పురుగు ఎక్కడుందో విని కనిపెట్టి లాగి తింటుంది, పాపం దాన్ని చూస్తే అపశకునం అని కొన్ని ఊళ్లల్లో చంపేస్తారు. ఆ భయం పోగొట్టాలంటే బడి పిల్లల దగ్గర కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడేవాళ్లు కావాలి. మడగాస్కర్‌లో రనోమఫానా నేషనల్ పార్క్ 1991లో రావడానికి ముఖ్య కారణమైన అమెరికా సైంటిస్టు పాట్రీషియా రైట్ కూడా ఒకప్పుడు న్యూయార్క్‌లో సోషల్ వర్కరే.

ఇంకో నిజం, అక్కడి పనిలో ముందుండాల్సింది మలగాసీ వాళ్లే, అంటే మడగాస్కర్ వాళ్లే, జోనా రత్సింబజాఫీ లాంటి సైంటిస్టులు ఉన్నారు కూడా. బయటినుంచి వెళ్లేవాళ్లు ఏదో ఒక పనిలో గట్టిగా ఉండాలి.

కాబట్టి నీట్ ఆపించకండి, వెటర్నరీ సీటుకి కూడా ఆ ర్యాంకే కావాలి. అది ఇష్టం లేకపోతే బీఎస్సీలో జువాలజీ, బోటనీ తీసుకుని తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (డబ్ల్యూఐఐ)లోనో బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లోనో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీకి ప్రయత్నించాలి, సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది. ఫ్రెంచ్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టమనండి, మడగాస్కర్‌లో మలగాసీ భాషతో పాటు ఆఫీసు పని ఎక్కువగా అందులోనే.

లీమర్‌కి దూరపు చుట్టం మన దగ్గరే ఉంది, దేవాంగ పిల్లి, అదే స్లెండర్ లోరిస్. దీన్నీ మూఢనమ్మకాలతోనే పట్టుకెళ్తారు, చంపుతారు. తమిళనాడులో 2022లో కడవూరు దగ్గర దీనికోసమే ఒక శాంక్చురీ పెట్టారు. డిగ్రీ సెలవుల్లో ఇలాంటి చోట రాత్రుళ్లు టార్చ్ లైట్ పట్టుకుని సర్వేకి తిరిగి, పగలు ఊళ్లో బడికి వెళ్లి పిల్లలకి చెప్పే పని దొరికితే అస్సలు వదలొద్దు. "డబ్బు కట్టండి, రెండు వారాలు లీమర్లతో గడపండి" అనే ప్యాకేజీలకి మాత్రం లక్షలు తగలేయకండి సార్, అది టూర్ అవుతుంది గానీ అనుభవం కాదు.

జీతం గురించి దాచను. మొదట్లో ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, డాక్టర్ అయిన ఫ్రెండ్స్‌తో పోలిస్తే చాలా తక్కువ, స్థిరపడటానికి ఏళ్లు పడుతుంది. ఇంటి మీద అప్పులుంటే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పరీక్షలు కూడా పక్కన రాయించండి, అదీ ఈ పనే. పాపని కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి, ఊళ్లో మనుషులతో పని అని తెలిశాక కూడా అదే కావాలంటే మీరు అడ్డు పడొద్దు సార్.