‘ది డిసెంట్’ చూడబోతున్నారా? ముందు ఏ కట్ దొరికిందో చూసుకోండి

ఆరుగురు ఆడవాళ్లు గుహలో చిక్కుకునే బ్రిటిష్ హారర్ ‘ది డిసెంట్’ చూడొచ్చా, రెండు ముగింపుల్లో ఏది అసలుది అని అడిగారు. తప్పకుండా చూడొచ్చు, కానీ బ్రిటన్‌లో 2005 జులైలో విడుదలైన కట్ (వెర్షన్) మాత్రమే చూడండి. 2006 ఆగస్టులో అమెరికాకు వెళ్లేటప్పుడు చివర్లో సుమారు ఒక నిమిషం కోసేశారు. ఆ నిమిషం పోతే సినిమా అర్థమే మారిపోతుంది. కారు సీన్ దగ్గర ఆగిపోతే అది అమెరికన్ కట్, ఆ తర్వాత కూడా కథ నడిస్తే అసలుది.

నిడివి చూసి తేల్చుకుందామంటే కుదరదు. యూరప్‌లో వాడే పాల్ (PAL) టీవీ పద్ధతి డీవీడీల్లో సినిమా సెకనుకు 24 బదులు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది, గంటన్నర దాటిన సినిమా నాలుగు నిమిషాల దాకా తగ్గి కనిపిస్తుంది. కోత పడింది నిమిషమే కాబట్టి, పూర్తి కట్ ఉన్న డిస్కే చిన్నదిగా కనబడొచ్చు.

దర్శకుడు నీల్ మార్షల్ అంతకుముందు 2002లో తీసిన ‘డాగ్ సోల్జర్స్’ దాదాపు మొత్తం సైనికుల కథ. ఇక్కడ గుహలోకి దిగేది అందరూ ఆడవాళ్లే. అరుస్తూ పరిగెత్తడానికి పెట్టిన పాత్రలు కావివి, ఒక్కొక్కరికీ ఒక్కో పని వచ్చు. అగాధం పైకప్పుకు యాంకర్లు (తాడు తగిలించే కొక్కేల్లాంటివి) బిగించుకుంటూ అవతలికి దాటేది రెబెకా. విరిగిన కాలికి కట్టు కట్టేది మెడిసిన్ చదువుతున్న శామ్. అందరికంటే గట్టి మనిషి జూనో (నటాలీ మెండోజా), కొంప ముంచేదీ ఆవిడే. బోరమ్ గుహలకని చెప్పి మ్యాపే లేని కొత్త గుహకు తీసుకెళ్తుంది, గైడ్ పుస్తకం కావాలనే కారులో వదిలేస్తుంది. వీళ్లు ఎక్కడున్నారో బయట ఎవరికీ తెలియదు. గుహల్లో తిరిగేవాళ్లు మొదట నేర్చుకునేది ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పటికి తిరిగొస్తాం అన్నది పైన ఎవరికైనా చెప్పి దిగమనే. ఆ తర్వాత వాళ్లలో హోలీ అనే అమ్మాయి ఏదో వెలుగు చూసి దారి దొరికిందని పరిగెత్తి, గుంటలో పడి కాలు విరగ్గొట్టుకుంటుంది. అప్పటికింకా రాక్షసులు రానే లేదు!

నా లెక్కలో సినిమాకు గుండెకాయ ఇరుకు సొరంగం సీన్. పొట్ట మీద పాకుతూ వెళ్లిన కథానాయిక సారా (షానా మెక్‌డొనాల్డ్) ఇరుక్కుపోతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. ఆమె స్నేహితురాలు బెత్ వెనక్కొచ్చి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడి, జోకు కూడా వేసి ఊపిరి దారిలో పెడుతుంది. ఇదంతా పైన్‌వుడ్ స్టూడియోలో సైమన్ బౌల్స్ డిజైన్ చేసిన సెట్టే. కథ అమెరికాలోని అపలాచియన్ కొండల్లో జరిగినా, బయటి సీన్లు తీసింది స్కాట్లండ్‌లో.

కెమెరామన్ శామ్ మెక్‌కర్డీ వెలుగంతా పాత్రల చేతిలో ఉన్న వస్తువుల నుంచే వస్తున్నట్టు చూపించారు: హెల్మెట్ లైట్లు, ఎర్ర ఫ్లేర్లు, ఆకుపచ్చ గ్లోస్టిక్‌లు, క్యామ్‌కార్డర్ నైట్ విజన్. అందుకే టీవీలో ‘వివిడ్’ మోడ్ పెడితే సినిమా చెడుతుంది, నలుపు బూడిద రంగుకు తిరిగి సెట్ అని తెలిసిపోతుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌కు మార్చి, కదలికల్ని అతిగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ తీసేసి, గదిలో లైట్లు ఆర్పేయండి. నెట్ నెమ్మదిగా ఉంటే చీకటి సీన్లు గళ్లుగళ్లుగా పగులుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని చూడటం మేలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. క్రాలర్లు (గుహలోని ఆ రాక్షసులు) గుడ్డివి, శబ్దాన్ని బట్టే వేటాడతాయి, వాటి టకటక ఏ వైపు నుంచి వస్తోందన్నదే సగం భయం. మేకప్‌లో ఉన్న క్రాలర్లను మొదటి సీన్ దాకా నటీమణులకు చూపించలేదు. సగం సినిమా అయ్యాక వచ్చే ఆ క్యామ్‌కార్డర్ షాట్‌లో వాళ్ల మొహాలు గమనించండి.

మూసుకున్న చోట ఊపిరాడనివాళ్లు, మొదట్లోనే వచ్చే పసిపిల్ల మరణం తట్టుకోలేనివాళ్లు, చర్మం చీల్చుకొచ్చిన ఎముక చూడలేనివాళ్లు దూరంగా ఉండండి.

2009లో వచ్చిన రెండో భాగం తీసింది మొదటిదానికి ఎడిటరైన జాన్ హారిస్. అది అమెరికన్ ముగింపును పట్టుకుని మొదలవుతుంది, కాబట్టి అసలు కట్ చూసిన వెంటనే పెడితే లంకె కుదరదు. వదిలేసినా నష్టం లేదు.